ఆర్‌వీ క్యాంపింగ్‌కు గ్రిడిల్: ఎంపిక, సీజనింగ్, వంట, శుభ్రత, సర్దుబాటు

ఆరుబయట వంటకు గ్రిడిల్ (పైన వెడల్పాటి, చదునైన లోహపు పలక ఉండే పొయ్యి) కొనుక్కున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు మూడు: మంట ఎందుకు చాలడం లేదు, పదార్థం ఎందుకు అంటుకుపోతోంది, ఇంటికి వచ్చేసరికి పలక ఎందుకు తుప్పు పడుతోంది. ఈ మూడింటికీ కారణాలు చాలావరకు వంట మొదలుపెట్టక ముందే, అంటే ఎంపికలోనూ సన్నాహంలోనూ ఉంటాయి. అందువల్ల ఈ మార్గదర్శిలో వంటకు ముందు జరగవలసిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను. వరుస తప్పకుండా చదివితే మేలు.

1. ముందుగా గ్యాస్ సంగతి తేల్చుకోండి

గ్రిడిల్ కొనాలనుకునేవారు సాధారణంగా మొదట పలక ఎంత పెద్దదో చూస్తారు. ఆర్‌వీలో, అంటే నివాస సౌకర్యాలున్న ప్రయాణ బండిలో, తిరిగేవారు మొదట తేల్చుకోవలసింది అది కాదు. పొయ్యికి గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుంది, వంట అయ్యాక ఆ బరువు బండిలో ఎక్కడ కూర్చుంటుంది అన్న రెండు విషయాలు తేలితే, మిగిలిన ఎంపిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

గ్యాస్ మూడు దారుల్లో రావచ్చు. మొదటిది, ఒక పౌండు, అంటే సుమారు 454 గ్రాముల ప్రొపేన్ ఉండే చిన్న సిలిండర్. రెండోది, 9 కిలోల పెద్ద సిలిండర్‌కు గొట్టం తగిలించడం. మూడోది, ఆర్‌వీ పక్క గోడకు ఉండే గ్యాస్ కనెక్షన్.

చిన్న సిలిండర్ మోసుకెళ్లడానికి సులువే కానీ అందులోని ఇంధనం ఎంతసేపు వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి. అందులో సుమారు 21,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) శక్తి ఉంటుంది. గ్రిడిల్ బర్నర్ సామర్థ్యం గంటకు 12,000 బీటీయూలైతే, పూర్తి మంట మీద గంటా ముప్పావు వరకు వస్తుంది. 24,000 అయితే గంట కూడా రాదు. పైగా గ్యాస్ వేగంగా ఖర్చవుతున్నకొద్దీ సిలిండర్ చల్లబడి లోపలి ఒత్తిడి తగ్గుతుంది. చలి ప్రదేశంలో చిన్న సిలిండర్‌తో పెద్ద గ్రిడిల్ వాడేవారికి సగం వంటలోనే మంట నీరసించడానికి ఇదే కారణం. 9 కిలోల సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూలు ఉంటాయి కాబట్టి, వారం రోజుల ప్రయాణానికైనా ఆ చింత ఉండదు.

బ్యూటేన్ డబ్బాలతో పనిచేసే గ్రిడిళ్లు కూడా ఉన్నాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వచ్చేసరికే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మాత్రం మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతుంది. చలికాలంలో, కొండ ప్రాంతాల్లో తిరిగేవారు బ్యూటేన్ జోలికి పోకపోవడమే మంచిది.

ఇక మూడో దారి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. ఆర్‌వీలోని ప్రధాన రెగ్యులేటర్ గ్యాస్ ఒత్తిడిని సుమారు 11 అంగుళాల నీటి మట్టానికి సమానమైన స్థాయికి, అంటే చాలా తక్కువకు, దించేస్తుంది. పక్క గోడకు ఉండే కనెక్షన్‌లోకి వచ్చేది సాధారణంగా ఈ తక్కువ ఒత్తిడి గ్యాసే. చిన్న సిలిండర్ కోసం తయారైన గ్రిడిల్‌కు మాత్రం తన సొంత రెగ్యులేటర్ ఒకటి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి ఆర్‌వీ కనెక్షన్‌కు తగిలిస్తే, ఒకసారి దిగిన ఒత్తిడిని రెండో రెగ్యులేటర్ ఇంకా అడ్డుకుంటుంది. బర్నర్ వెలుగుతుంది కానీ పలక వేడెక్కదు.

దీనికి రెండు పరిష్కారాలు ఉన్నాయి. గ్రిడిల్ కూడా అదే తక్కువ ఒత్తిడికి తయారైనదైతే, దాని రెగ్యులేటర్ తీసి, తయారీదారు ఆమోదించిన మార్పిడి కిట్‌తో నేరుగా కలుపుకోవచ్చు. అలా కుదరకపోతే, ఆర్‌వీ ప్రధాన రెగ్యులేటర్ కంటే ముందు, సిలిండర్ దగ్గరే టీ ఆకారపు జోడింపు పెట్టించుకుని, గ్రిడిల్‌ను దాని సొంత రెగ్యులేటర్‌తోనే వాడుకోవచ్చు. ఏ గ్రిడిల్ ఎంత ఒత్తిడికి తయారైందో దాని రేటింగ్ పట్టీ మీద గానీ మాన్యువల్‌లో గానీ రాసి ఉంటుంది. రెగ్యులేటర్ లేకుండా గ్రిడిల్‌ను నేరుగా సిలిండర్‌కు తగిలించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

కరెంటు గ్రిడిల్ గురించి అడిగేవారికి ఒక్క మాట. 120 వోల్టుల ఆర్‌వీలో 1500 వాట్ల గ్రిడిల్ 12.5 ఆంపియర్లు లాగుతుంది. 30 ఆంపియర్ల కనెక్షన్ మీద ఏసీ, మైక్రోవేవ్ నడుస్తుండగా దాన్ని కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ ద్వారా నడపాలంటే 125 ఆంపియర్లకు పైగా కావాలి. కరెంటు కనెక్షన్ ఉన్న చోట్లలోనే ఆగేవారికి అది సరిపోతుంది. మిగిలినవారికి గ్యాసే దారి.

2. పలక: లోహం, మందం, కొలత

ఎక్కువ గ్రిడిళ్ల పలక ఉక్కుతో తయారవుతుంది. దీన్ని సీజనింగ్ చేయాలి (పల్చటి నూనె పొరను కాల్చి పట్టించాలి), తడి తగలకుండా చూడాలి. బదులుగా ఎంత వేడినైనా తట్టుకుంటుంది, లోహపు అట్లకాడలతో గీకినా పాడవదు. పోత ఇనుము వేడిని బాగా నిలుపుకుంటుంది కానీ బరువు ఎక్కువ, ప్రయాణంలో కింద పడితే పగిలే ప్రమాదం ఉంది. నాన్‌స్టిక్ పూత ఉన్న పలక మొదట్లో చాలా హాయిగా ఉంటుంది. అయితే అధిక వేడిని, లోహపు పనిముట్లను అది సహించదు, పూత పోయాక దాన్ని బాగుచేసుకునే మార్గం లేదు. తరచుగా ప్రయాణించేవారికి నేను ఉక్కు పలకనే సూచిస్తాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వాడేవారికి నాన్‌స్టిక్ పూత సరైనదే కావచ్చు.

మందం 3 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే పలక అసమానంగా వేడెక్కి, మధ్యలో ఉబ్బే అవకాశం ఎక్కువ. 4, 5 మిల్లీమీటర్ల పలక నిదానంగా వేడెక్కినా, చల్లటి పదార్థం వేసినప్పుడు ఒక్కసారిగా చల్లబడిపోదు.

కొలత విషయానికి వస్తే, 17 అంగుళాల వెడల్పు పలక ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది. నలుగురు ఆరుగురికైతే రెండు బర్నర్లున్న 22 అంగుళాలది కావాలి. రెండు బర్నర్ల వల్ల కలిగే అసలు లాభం స్థలం కాదు, పలకకు ఒక పక్క ఎక్కువ సెగ, మరో పక్క తక్కువ సెగ పెట్టుకోగలగడం. అంతకంటే పెద్దవి కొనే ముందు, ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తి బండి అరలో పెట్టగలరా అన్నది ఆలోచించాలి. పలక ఒక్కటే విడిగా వచ్చేలా ఉంటే మోయడం చాలా తేలికవుతుంది.

బీటీయూల సంఖ్యను విడిగా చూసి మోసపోకూడదు. దాన్ని పలక వైశాల్యంతో భాగించి చూడాలి. 17 అంగుళాల గ్రిడిల్‌కు సుమారు 265 చదరపు అంగుళాల పలక, 12,000 బీటీయూల బర్నర్ ఉంటే, చదరపు అంగుళానికి 45 చొప్పున వస్తుంది. ఆ నిష్పత్తి 30కి దిగువన ఉన్న గ్రిడిల్ గాలి వీచే చోట ఇబ్బంది పెడుతుంది.

3. కొనే ముందు పరీక్షించవలసినవి

• బండిలో గ్రిడిల్ పెట్టే అర పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచారా? గ్రిడిల్ కొలతకు సంచి మందం కూడా కలపాలి.
• జిడ్డు కారే రంధ్రం, దాని కింది గిన్నె ఏ వైపున ఉన్నాయి? గిన్నె ఊగకుండా గట్టిగా కూర్చుంటోందా?
• కాళ్లు సర్దుకునే రకానివా? క్యాంపు నేల ఎప్పుడూ సమంగా ఉండదు.
• పలక చుట్టూ అంచు ఎంత ఎత్తుంది? ఆరుబయట వంటకు ఎత్తైన అంచు చాలా ఉపయోగపడుతుంది.
• బర్నర్ చుట్టూ గాలి అడ్డు ఉందా?
• పలకను మూసే గట్టి మూత ఉందా? ప్రయాణంలో అదే రక్షణ.
• ఇగ్నైటర్ చెడిపోతే పొడవాటి లైటర్‌తో వెలిగించే వీలుందా?
• మీ గ్యాస్ కనెక్షన్‌కు సరిపడే గొట్టం, జోడింపు విడిగా దొరుకుతాయా? ఆర్‌వీల త్వరిత జోడింపులన్నీ ఒకే రకానివి కావు.

4. మొదటి సీజనింగ్: ప్రయాణానికి ముందే, ఇంటి దగ్గర

సీజనింగ్ అంటే పలకకు నూనె రాసి ఉంచడం కాదు. పల్చటి నూనె పొరను పొగ వచ్చేదాకా వేడి చేసినప్పుడు ఆ నూనెలోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి పొరగా మారి లోహానికి పట్టుకుంటాయి. తుప్పును ఆపేదీ, పదార్థం అంటుకోకుండా చేసేదీ ఆ పొరే. క్యాంపుకు చేరాక హడావిడిగా చేస్తే ఇది సరిగా కుదరదు.

మొదటి మెట్టు: కొత్త పలకకు కర్మాగారంలో తుప్పు పట్టకుండా రాసిన నూనె ఉంటుంది. వేడినీళ్లు, సబ్బుతో రెండుసార్లు కడిగి, తెల్లటి గుడ్డతో తుడిచినప్పుడు మరక రాకుండా ఉండేదాకా శుభ్రం చేయాలి. పలకకు సబ్బు పెట్టవలసిన సందర్భం దాదాపు ఇదొక్కటే.

రెండో మెట్టు: పలకను ఆరబెట్టి, బర్నర్ వెలిగించి, ముందు చిన్న మంట మీద, తరువాత పెద్ద మంట మీద పది పదిహేను నిమిషాలు వేడి చేయాలి. లోహం రంగు గోధుమ, నీలం ఛాయల్లోకి మారుతుంది. అది లోపం కాదు.

మూడో మెట్టు: మంట ఆపి, పొద్దుతిరుగుడు, సోయా, కనోలా వంటి శుద్ధి చేసిన నూనెను రెండు మూడు చెంచాలు వేసి, పట్టుకారుతో పట్టిన కాగితపు తువ్వాలుతో అంచులు, మూలలు, పక్క గోడలతో సహా రాయాలి. తరువాత మరో పొడి తువ్వాలు తీసుకుని, రాసిన నూనెనంతా తుడిచేస్తున్నట్టుగా తుడవాలి. చివరికి పలక మీద మిగిలే పల్చటి మెరుపే ఒక పొరకు సరిపోయే నూనె.

నాలుగో మెట్టు: మళ్లీ వెలిగించి, పొగ మొదలై, పూర్తిగా ఆగిపోయేదాకా ఉంచాలి. పొర మందాన్ని బట్టి పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. పొగ వస్తుండగానే ఆపేస్తే పొర సగమే గట్టిపడి జిగురుగా మిగులుతుంది.

ఐదో మెట్టు: మూడు, నాలుగు మెట్లను మరో మూడు నాలుగుసార్లు చేయాలి. పలక ముదురు గోధుమ రంగు నుంచి నల్లగా మారుతుంది. మూలలు మధ్యభాగమంత నల్లబడకపోయినా కంగారు పడనక్కరలేదు, వాడుతున్నకొద్దీ అవీ వస్తాయి.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు నూనె ఎక్కువ పోయడం. మందపు పొర ఒకటి వేసి పని ముగించాలనుకుంటే, అది అంటుకునే జిగురుగానో పెచ్చులుగానో తయారవుతుంది. అవిసె నూనెతో చేసిన పొర చూడటానికి అందంగా ఉన్నా పెళుసుగా ఉండి త్వరగా రాలిపోతుంది. ఉప్పు కలిపిన వెన్న దీనికి పనికిరాదు.

సీజనింగ్ చేసిన తరువాత మొదటి రెండు మూడు వంటలకు ఉల్లిపాయలు, కొవ్వు ఉన్న మాంసం వంటివి ఎంచుకోవాలి. టమాటా, నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపులు కొత్త పొరను తినేస్తాయి.

5. క్యాంపులో స్థలం, సమతలం, గాలి

గ్రిడిల్‌ను ఆర్‌వీ లోపల గానీ, గుడారంలో గానీ, మూసి ఉన్న తెరగదిలో గానీ వెలిగించకూడదు. గ్యాస్ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అనుమానం వచ్చేసరికే ప్రమాదం ముంచుకొస్తుంది. గ్రిడిల్ ఉన్న వైపు బండి కిటికీలు, గాలి రంధ్రాలు మూసి ఉంచాలి.

బండికీ గ్రిడిల్‌కూ మధ్య 3 మీటర్ల దూరం ఉంటే నిశ్చింత. ఆర్‌వీ గోడలకు ఉండే ఫైబర్‌గ్లాస్, అంటించిన స్టిక్కర్లు సెగకు రంగు మారి, ముడతలు పడతాయి. బయటికి చాచిన ఆవనింగ్ (బండి పక్కన నీడకు ఉండే గుడ్డ పందిరి) కింద వండడం చాలామందికి అలవాటే గానీ, జిడ్డు పొగ ఆ గుడ్డకు పట్టుకుంటుంది, మంట ఎగిస్తే మొదట అంటుకునేదీ అదే. బండి గోడకు తగిలించే స్టాండ్‌ను తయారీదారు స్పష్టంగా అనుమతించినప్పుడే వాడాలి.

ప్లాస్టిక్ మడత బల్ల మీద గ్రిడిల్ పెట్టకూడదు. లోహపు బల్ల గానీ, గ్రిడిల్ కోసమే తయారైన స్టాండ్ గానీ కావాలి. కింద ఎండుగడ్డి, ఆకులు ఉంటే మీటరు మేర ఊడ్చేయాలి.

తరువాత రసమట్టం పెట్టి చూడండి. అడ్డంగా పలక పూర్తిగా సమంగా ఉండాలి. నిలువుగా మాత్రం జిడ్డు రంధ్రం వైపు కొద్దిపాటి వాలు ఉండాలి. వాలు ఎదురుగా ఉంటే నూనె ఒక మూలన చేరి మాడిపోతుంది. ఎక్కువైతే గుడ్డు వేసిన చోట నిలవదు.

గాలి గ్రిడిల్‌కు పెద్ద శత్రువు. పలక పైభాగం కంటే ఎక్కువగా, పలకకూ బర్నర్‌కూ మధ్య ఉన్న సందులోంచి దూరి వేడిని ఎత్తుకుపోతుంది. గాలి వచ్చే వైపుకు గ్రిడిల్ వెనుకభాగం తిప్పి, లోహపు అడ్డుపలకలు పెట్టాలి. అయితే చుట్టూ రేకుతో చుట్టేయకూడదు. బర్నర్‌కు గాలి అందాలి, వేడి బయటికి పోవాలి, సిలిండర్ వేడెక్కకూడదు.

క్యాంపు స్థలం నిబంధనలు కూడా అదే రోజు చూసుకోవాలి. అగ్నిప్రమాద హెచ్చరికలు ఉన్నప్పుడు కట్టెల మంటను నిషేధించి గ్యాస్ పొయ్యిని అనుమతించే చోట్లు ఉన్నాయి, రెండింటినీ నిషేధించేవీ ఉన్నాయి.

6. గ్యాస్ కలిపి వెలిగించే వరుస

1) గ్రిడిల్ నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయని చూడాలి.
2) గొట్టాన్ని చేత్తో వంచి పగుళ్లు ఉన్నాయేమో పరిశీలించాలి. గొట్టం పలక కిందుగా, జిడ్డు గిన్నె దగ్గరగా పోకుండా సర్దాలి.
3) సిలిండర్ నిటారుగా ఉండాలి. మరలు వంకర పడకుండా చేత్తో బిగించాలి.
4) వాల్వ్‌ను నెమ్మదిగా తెరవాలి.
5) సబ్బునీళ్లను ప్రతి జోడింపు మీదా పూయాలి. బుడగలు పెరుగుతుంటే గ్యాస్ పోతున్నట్టే; వెంటనే మూసి, మళ్లీ బిగించి, మళ్లీ చూడాలి. లీకు కోసం నిప్పుతో ఎన్నడూ వెతకకూడదు.
6) మూత తెరిచే ఉంచి, ఒక బర్నర్ వెలిగించాలి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే ఆపి, ఐదు నిమిషాలు ఆగాలి. ప్రొపేన్ గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. అది పైకి పోకుండా కిందనే పేరుకుంటుంది.
7) కిందికి వంగి మంట చూడాలి. నీలంగా, నిలకడగా ఉంటే సరైనది.

పెద్ద సిలిండర్‌తో మంట చాలా చిన్నగా వస్తుంటే గ్రిడిల్ చెడిపోయిందని అనుకోకండి. నాబ్ తెరిచి ఉండగా సిలిండర్ వాల్వ్ తిప్పినా, వాల్వ్‌ను ఒక్కసారిగా తెరిచినా, రెగ్యులేటర్‌లోని రక్షణ ఏర్పాటు లీకు అనుకుని ప్రవాహాన్ని తగ్గించేస్తుంది. అన్నీ మూసి, గొట్టం విప్పి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ తగిలించి, వాల్వ్‌ను నిదానంగా తెరిస్తే సర్దుకుంటుంది.

7. సెగను అదుపులో పెట్టడం: వంటలో అసలు విద్య

బర్నర్ పెద్ద మంట ఇవ్వగలదు కాబట్టి పెద్ద మంట మీదే వండాలనుకోవడం వల్లనే ఎక్కువ వంటలు పైన మాడి లోపల పచ్చిగా మిగులుతాయి. పలకను చిన్న లేదా మధ్యస్థ మంట మీద ఎనిమిది పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. అలా చేస్తే వేడి పలకంతా పరుచుకుంటుంది, పలక ఉబ్బదు. గాలి లేని రోజున చాలా వంటలకు మధ్యస్థం కంటే తక్కువ మంటే చాలు.

పలకలో ఏ చోట ఎంత వేడి ఉందో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మధ్యస్థ మంట మీద వేడెక్కాక, పలకంతా నిండేలా బ్రెడ్ ముక్కలు పరిచి, రెండు నిమిషాల తరువాత అన్నింటినీ తిరగేయండి. ఏ ముక్క నల్లబడింది, ఏది తెల్లగా ఉంది అన్నది చూస్తే మీ గ్రిడిల్ పటం దొరికినట్టే. సాధారణంగా బర్నర్ గొట్టం పైభాగం బాగా వేడిగా, మూలలు కొన్ని పదుల డిగ్రీలు చల్లగా ఉంటాయి. ఈ తేడాను లోపంగా చూడకూడదు. ఉడికినదాన్ని పక్కకు నెట్టి వెచ్చగా ఉంచుకోవడానికి ఆ మూలలే పనికొస్తాయి.

పరారుణ థర్మామీటర్ ఉంటే చాలా మంచిది, కానీ కొత్తగా మెరిసే పలక మీద అది వాస్తవం కంటే తక్కువ చూపిస్తుంది; నల్లబడిన పలక మీద సరిగ్గా చూపిస్తుంది. అది లేనప్పుడు నీటి చుక్క చాలు. చుక్క నెమ్మదిగా ఉడికి ఆరిపోతే వేడి చాలదు. చిటపటలాడి వెంటనే ఆవిరైతే మధ్యస్థంగా వేడెక్కింది. ఆవిరి కాకుండా ముత్యంలా దొర్లితే 200 డిగ్రీలకు చేరువలో ఉంది.

సుమారుగా పాటించదగిన వేడి:

• గుడ్లు: 120 నుంచి 150 డిగ్రీలు.
• పిండి పోసి కాల్చేవి: 175 నుంచి 190 డిగ్రీలు.
• కూరగాయలు, చేప: 180 నుంచి 200 డిగ్రీలు.
• మాంసం పైపొర ఎర్రగా కాలాలంటే: 200 నుంచి 230 డిగ్రీలు.

పలకను వేడెక్కించడం సులువు, చల్లార్చడం కష్టం. అందువల్ల తక్కువ వేడి కావలసిన వంటలను మొదట్లో, పలక ఇంకా వేడెక్కుతుండగా చేసుకోవాలి. లేదా చివర్లో మంట ఆపేసి, మిగిలిన వేడి మీద చేసుకోవాలి. మధ్యలో గుడ్లు వేయాలని చూస్తే అవి తోలులా తయారవుతాయి.

నూనెను పలక వేడెక్కాకే వేయాలి, పదార్థం పెట్టబోయే చోట మాత్రమే వేయాలి. వెన్న 175 డిగ్రీల దగ్గరే మాడడం మొదలుపెడుతుంది కాబట్టి దాన్ని చివర్లో, తక్కువ వేడి మీద వాడాలి. చక్కెర ఉన్న సాస్‌లను కూడా ఆఖరి రెండు నిమిషాల్లోనే పూయాలి.

పదార్థాన్ని వేసే ముందు గుడ్డతో ఒత్తి తడి తీసేయాలి, ముక్కల మధ్య ఖాళీ ఉంచాలి. పలకంతా ఒకేసారి నింపితే వేడి పడిపోయి, ఊరిన నీళ్లలో పదార్థం వేగక ఉడుకుతుంది. వేసిన వెంటనే కదపకూడదు. అడుగు సరిగ్గా కాలితే ముక్క దానంతట అదే పలకను వదులుతుంది. వదలకపోతే ఇంకో నిమిషం ఆగాలి, బలవంతంగా ఎత్తకూడదు. మందపాటి ముక్కల మీద లోహపు గిన్నె బోర్లించి, పక్కనే రెండు చెంచాల నీళ్లు చిలకరిస్తే, ఆవిరికి పైభాగం కూడా ఉడుకుతుంది.

పచ్చి మాంసానికి ఒక అట్లకాడ, ఉడికినదానికి మరొకటి ఉంచాలి. కోడిమాంసం లోపల 74 డిగ్రీలకు, కైమా మాంసం 71కి, చేప 63కి చేరాలి. ఆరుబయట తినే తొందరలో ఇది అంచనాతో వదిలేయవలసిన విషయం కాదు. సూది థర్మామీటర్ ఒకటి పెట్టెలో ఉండాలి. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున గంటకు మించి ఉంచకూడదు.

జిడ్డు మంట లేస్తే నీళ్లు పోయకూడదు. గ్యాస్ ఆపి, వీలైతే మూత వేసి, లేదా వంటసోడా చల్లి ఆర్పాలి. పొడి రసాయన అగ్నిమాపకం రెండు మూడు అడుగులు వేస్తే చేతికి అందేంత దూరంలో ఉండాలి. గ్రిడిల్‌కు ఆనుకుని ఉంటే మంట లేచినప్పుడు దాన్ని తీసుకోలేం.

8. వంట అయిన వెంటనే

పలక వెచ్చగా ఉండగానే గీకాలి. చల్లారాక పది నిమిషాలు పట్టే పని వెచ్చగా ఉన్నప్పుడు రెండు నిమిషాల్లో ముగుస్తుంది. స్క్రేపర్‌తో జిడ్డు రంధ్రం వైపు లాగి, అంటుకున్న చోట కొద్దిగా గోరువెచ్చటి నీళ్లు పోసి, లేచే ఆవిరితో మెత్తబడినదాన్ని గీకి, తువ్వాలుతో తుడవాలి. బాగా కాలిన పలక మీద చల్లటి నీళ్లు కుమ్మరిస్తే అది వంగిపోవచ్చు.

తడి పూర్తిగా ఆరాక, సీజనింగ్‌లో చెప్పినంత పల్చగా నూనె రాసి, పొగ కనిపించేదాకా రెండు నిమిషాలు వేడి చేసి ఆపాలి. ఆపేటప్పుడు ముందు సిలిండర్ వాల్వ్ మూసి, గొట్టంలోని గ్యాస్ కాలిపోయి మంట ఆరాక నాబ్‌లు మూయాలి.

జిడ్డును నేల మీద గానీ, బండి సింక్‌లో గానీ పోయకూడదు. వాడిన నీళ్ల ట్యాంకులో అది గడ్డకట్టి గొట్టాలను మూసేస్తుంది, కొలత చూపే సెన్సార్లను పాడుచేస్తుంది. ఖాళీ డబ్బాలో పోసి, గడ్డకట్టాక చెత్తలో వేయాలి. జంతువులు తిరిగే ప్రదేశంలో జిడ్డు గిన్నెను రాత్రికి బయట వదలకూడదు. ఎలుగుబంట్లు ఉండే చోట గ్రిడిల్ మొత్తాన్ని తుడిచి, మూసి ఉన్న వాహనంలో పెట్టాలి.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి పరిష్కారాలు

పలక జిగురుగా ఉంది: నూనె ఎక్కువైంది లేదా వేడి చాలలేదు. పెద్ద మంట మీద ఇరవై నిమిషాలు కాల్చి చూడాలి. అప్పటికీ జిగురు పోకపోతే ఆ చోటు గీకి, మళ్లీ పల్చటి పొర వేయాలి.

నల్లటి పెచ్చులు రాలుతున్నాయి: ఇవి ఎక్కువగా మాడిన ఆహారపు పొరలే. స్క్రేపర్‌తో అంచులు నున్నబడేదాకా గీకి, రెండు పొరల సీజనింగ్ చేస్తే చాలు. పలకంతా తిరిగి మొదటి నుంచి చేయనక్కరలేదు.

తుప్పు పట్టింది: ఉక్కు పీచుతో లేదా గ్రిడిల్ రాయితో నూనె వేసి రుద్ది, కడిగి, వెంటనే వేడి చేసి ఆరబెట్టి, మూడు పొరలు వేయాలి. పైపై తుప్పుకు పలక పారేయడం అనవసరం.

మంట పసుపుగా ఉంది: బర్నర్ గొట్టంలో సాలెగూడు గానీ, దుమ్ము గానీ అడ్డుపడింది. చాలాకాలం మూలన ఉన్న గ్రిడిళ్లకు ఇది సర్వసాధారణం. చల్లారాక బర్నర్ తీసి, సన్నటి బ్రష్‌తో శుభ్రం చేయాలి. ఎత్తైన కొండ ప్రాంతంలో గాలి పల్చబడటం వల్ల కూడా మంట రంగు మారుతుంది. గాలి సర్దుబాటు ఉంటే కొంచెం తెరవాలి.

పలక మధ్యలో ఉబ్బింది: కొన్ని పలకలు చల్లారాక మామూలు స్థితికి వస్తాయి. ఇకముందు చిన్న మంటతో మొదలుపెట్టాలి. చల్లారినా ఉబ్బు తగ్గకపోతే వారంటీ అడగడమే మార్గం.

చలిలో మంట క్రమంగా తగ్గిపోతోంది: సిలిండర్ చల్లబడింది. పెద్ద సిలిండర్‌కు మారాలి. సిలిండర్‌ను మంటతోనూ, హీటర్‌తోనూ వేడి చేయకూడదు.

10. ప్రయాణానికి సర్దడం, ఎక్కువకాలం దాచడం

బయలుదేరే రోజు పొద్దున గ్రిడిల్ మీద ఏదైనా వండాలనుకుంటే, చల్లారడానికి కనీసం గంట సమయం లెక్కలో వేసుకోవాలి. వెచ్చటి పలకను సంచిలో పెడితే లోపల చెమ్మ పట్టి, తరువాతి మజిలీకి చేరేసరికి ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి.

సర్దే ముందు చూడవలసినవి:

• సిలిండర్ విప్పి, మూతి మూత బిగించారా? చిన్న సిలిండర్‌ను గ్రిడిల్‌కు తగిలించి ఉంచి ప్రయాణించకూడదు.
• సిలిండర్లను నిటారుగా, గాలి ఆడే చోట కట్టారా? వాటిని మనుషులుండే భాగంలో పెట్టకూడదు.
• ఆర్‌వీ పక్క కనెక్షన్ వాల్వ్ మూసి, దుమ్ము మూత పెట్టారా?
• జిడ్డు గిన్నె ఖాళీ చేసి తుడిచారా?
• పలకకూ మూతకూ మధ్య పొడి తువ్వాలు పరిచారా? కుదుపులకు గీతలు పడకుండా, తేమ పీల్చుకునేలా అది పనిచేస్తుంది.
• గ్రిడిల్‌ను అరలో కదలకుండా పట్టీతో బిగించారా? హఠాత్తుగా బ్రేకు వేస్తే పది కిలోలకు పైబడిన ఆ ఉక్కు ముందుకు దూసుకొస్తుంది.

నెలల తరబడి వాడకపోతే, పలకకు మామూలు కంటే కొంచెం ఎక్కువ నూనె రాసి, పొడి గుడ్డ కప్పి, తేమ లేని చోట ఉంచాలి. గొట్టం చివరలను, బర్నర్ గాలి రంధ్రాలను పురుగులు దూరకుండా కప్పాలి. మళ్లీ తీసినప్పుడు ఆ కప్పులు తొలగించి, బర్నర్ గొట్టం శుభ్రం చేసి, సబ్బునీళ్ల పరీక్ష చేయాలి. తరువాత పాత నూనెను తుడిచి, ఒక పల్చటి పొర కాల్చాకే ఆ ఏడాది మొదటి వంటకు దిగాలి.